సామ్రాజ్యవాదం: మన వీధిలో ఆ మాటకు అర్థం

(మార్టూరులో సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగం. సంచిక కోసం రాసి ఇచ్చిన పాఠం.)



మాకు ఇచ్చిన అంశం 'సామ్రాజ్యవాదం – అర్థం, వాడుక'. అంశం పేరు చదవగానే వెనక ఇద్దరు కుర్రాళ్లు టీ కోసం లేచారు. కూర్చోండి నాయనా, టీ ఇంకా మరగలేదు. మేం అటు నుంచే వచ్చాం.

మేం హాస్టల్ వార్డెన్లం. మా రోజంతా పాల లెక్క, కోడిగుడ్ల లెక్క, పిల్లల జ్వరాలు, ఊడిపోయిన తలుపు గడియలు, రాత్రి హాజరుతో గడిచిపోతుంది. చదివింది మాత్రం సాంఘిక శాస్త్రంతో బి.ఎడ్. అందుకని సాయంత్రం స్టడీ అవర్లో తీరిక దొరికితే మేమే పుస్తకం పట్టుకుని కూర్చుంటాం. ఈ మాట గురించి బి.ఎడ్.లో నేర్చుకున్నది కొంచెమే. పిల్లలు అడిగిన వాటికి అప్పటికప్పుడు జవాబు తోచక, తర్వాత వెతుక్కుని తెలుసుకున్నదే ఎక్కువ. అలాంటి ప్రశ్నలు రెండు ముందు చెప్తాం.

ఒక సాయంత్రం ఎనిమిదో తరగతి పిల్లలకు వలసవాదం పాఠం చెప్తున్నాం. ఒక పిల్ల లేచింది. వాళ్లది పడమటి వైపు తండా. సంక్రాంతి వెళ్లగానే వాళ్ల అమ్మానాన్న మూటలు కట్టుకుని ఇటువైపు మిరపకాయల కోతకు వస్తారు. కోతలు అయ్యేదాకా చేల గట్ల మీద పట్టాలు కప్పుకున్న గుడిసెల్లోనే కాపురం. "మేడం, మా అమ్మావాళ్లు వలస వచ్చారు కదా, వాళ్లు కూడా వలసవాదులేనా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. పాఠంలో వలసవాదులు చెడ్డవాళ్లు. ఇంటి దగ్గర వలస వెళ్లేది అమ్మ. ఆ పిల్లకు నిజంగానే జవాబు కావాలి.

రెండోది మా వంటామె వల్ల వచ్చింది. ఆమె పేరు సామ్రాజ్యం. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ పేరున్న పెద్దావిడ లేని ఊరు తక్కువే. రోడ్డు పక్క గోడ మీద ఎర్ర రంగుతో 'సామ్రాజ్యవాదం నశించాలి' అని రాసి ఉంటే చదువుకుని వచ్చిన ఐదో తరగతి పిల్ల, "మన సామ్రాజ్యం పెద్దమ్మ ఏం తప్పు చేసింది మేడం, నశించాలని రాశారు?" అంది. ఈ సంగతి పెద్దమ్మకు కూడా చెప్పాం. ఆమె నవ్వి, ఆ రోజు ఆ పిల్లకు ఇంకో గరిటె పప్పు వేసింది.

పిల్లలు పట్టుకున్నది సరైన చోటే. సామ్రాజ్యం మన దగ్గర పొగడ్త మాట. సమ్రాట్టు ఏలే రాజ్యం సామ్రాజ్యం. ఆడపిల్ల మహారాణిలా బతకాలని ఆ పేరు పెట్టుకున్నారు. విజయనగర సామ్రాజ్యం అనేటప్పుడు పాఠం చెప్పే మా గొంతు కూడా కాస్త పెద్దదవుతుంది. దాని వెనక 'వాదం' చేర్చగానే అది తిట్టులా మారింది. ఈ తేడా ఎలా వచ్చిందో చూద్దాం.

మనం సామ్రాజ్యవాదం అని తెలుగు చేసుకున్న 'ఇంపీరియలిజం' అనే మాటకు మూలం లాటిన్‌లో 'ఇంపీరియం'. దానికి మొదటి అర్థం నేల కాదు, ఆజ్ఞ. రోములో పెద్ద అధికారికి ఉండే, ఆజ్ఞాపించే అధికారాన్ని అలా పిలిచేవారు. తర్వాత ఆ ఆజ్ఞ చెల్లినంత మేర నేలకూ అదే పేరు వచ్చింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

19వ శతాబ్దం నడుమ ఇంగ్లండు వాళ్లు ఈ మాటను ఫ్రాన్సు చక్రవర్తి మూడో నెపోలియన్ పాలనను ఎత్తిపొడవడానికి వాడారు. కొన్నేళ్లకు అది వాళ్లకే తగులుకుంది. 1876లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి విక్టోరియా రాణికి భారత చక్రవర్తిని అనే బిరుదు తగిలించింది. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి ఆ సంగతి చాటారు. ఆ రోజుకు మన మద్రాసు రాజధానిలో కర్నూలు, బళ్లారి, నెల్లూరు జిల్లాలు కరువులో మాడుతున్నాయి. పెద్దవాళ్లు ధాత కరువు అనేది దాన్నే. అటు ఏనుగుల ఊరేగింపు, ఇటు గంజి కేంద్రాల ముందు వరసలు. మన పెదగంజాం దాకా వచ్చే బకింగ్‌హామ్ కాలువ మీకు తెలుసు కదా, ఆ పేరు ఆ కరువు నాటి మద్రాసు గవర్నరుది.

1902లో హాబ్సన్ అనే ఇంగ్లీషాయన ఈ మాట మీద ఒక పుస్తకమే రాశాడు. ఇంట్లో ఖర్చుకాని పెట్టుబడి బయట లాభం వెతుక్కుంటుంది, దాని వెనకే సైన్యం వెళ్తుంది అన్నాడు. తర్వాత లెనిన్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లి, పెద్ద పెద్ద గుత్త కంపెనీలు, బ్యాంకులు ప్రపంచాన్ని పంచుకునే దశకే ఆ పేరు పెట్టాడు. ఆ పుస్తకం అచ్చయింది 1917లో. మన గోడల మీద ఎర్ర రంగు రాతల్లో ఉన్నది ఎక్కువగా ఈ అర్థమే. పేపర్లో కనిపించే 'వ్యాపార సామ్రాజ్యం', 'నేర సామ్రాజ్యం' వేరే సంగతి. అవి విలేకరుల అలవాటు, వాటిని వదిలేయండి.

ఇక ఆ మొదటి పిల్ల అడిగిన దానికి వస్తాం. వలసవాదం అని మనం తెలుగు చేసుకున్న మాటకు మూలం కూడా లాటిన్‌దే, 'కొలోనియా'. రోము నుంచి జనాన్ని తీసుకెళ్లి గెలిచిన నేల మీద కూర్చోబెట్టిన ఊరు అది. 'కాలనీ' అక్కడి నుంచే వచ్చింది. మన వాళ్లు ఉండే చోటును ఎస్టీ కాలనీ అంటాం చూడండి, ఆ కాలనీయే. తెలుగులో దానికి వలస అనే మాట తీసుకోవడంతో చిక్కు వచ్చింది. మన వలస కూలి కోసం పోయే వలస. ఆ పిల్లకు మేం చివరికి ఇలా చెప్పాం: "మీ అమ్మ ఇంకొకరి పొలానికి వెళ్లి వాళ్లు చెప్పిన మాట వింటుంది. వలసవాది ఇంకొకరి పొలానికి వెళ్లి తన మాట వినిపిస్తాడు." ఆ పిల్ల తల ఊపి రాసుకుంది. పరీక్షలో అదే రాస్తే మార్కులు వేస్తారో లేదో మాకు అనుమానమే.

వలసవాదానికి, సామ్రాజ్యవాదానికి తేడా ఏమిటని పోటీ పరీక్షలకు చదివేవాళ్లు అడుగుతారు. వచ్చి కూర్చుని ఏలడం వలసవాదం. రాకపోయినా, కూర్చోకపోయినా దూరం నుంచి మన బతుకును నడిపించే అధికారమంతా సామ్రాజ్యవాదం కిందికి వస్తుంది. మొదటిది రెండోదానిలో ఒక భాగం. పరీక్షకు ఇంతే చాలు.

కానీ ఈ మాట మన ఇళ్లలోకి ఎలా వచ్చిందో పరీక్షకు అడగరు. అందుకని అది ఇక్కడ చెప్పుకోవాలి.

మేం పుట్టింది తండాలో. మమ్మల్ని మేం గోర్ అనుకుంటాం. రికార్డుల్లో లంబాడీ, సుగాలి, బంజారా. ఇంగ్లీషు సైనికాధికారులు బ్రింజారీ అని రాసుకున్నారు. పాత కాలంలో మన వాళ్ల బతుకు లదేణి. ఎద్దుల మందల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి లోపలి ఊళ్లకు, లోపలి ఊళ్ల నుంచి ఒడ్డుకు తిరిగేవాళ్లం. ఇక్కడ ఒక ఇబ్బందైన సంగతి ఉంది, దాచకుండా చెప్తాం. టిప్పు సుల్తాన్ మీదికి 1791–92లో కారన్‌వాలిస్ వెళ్లినప్పుడు, తర్వాత దక్కనులో వెల్లెస్లీ యుద్ధాలు చేసినప్పుడు ఆ సైన్యాలకు ధాన్యం మోసిన వాళ్లలో మన బంజారాలు ఉన్నారు. సామ్రాజ్యానికి తిండి మన ఎద్దుల వీపు మీద కూడా వెళ్లింది. ఎవరు డబ్బిస్తే వాళ్లకు సరుకు చేర్చడం మన వృత్తి. అందులో తప్పు ఒప్పులు ఇప్పుడు తేల్చలేం, కానీ ఆ సామ్రాజ్యం తర్వాత మనల్ని ఎలా చూసిందో తెలుసుకునేటప్పుడు ఇది కూడా తెలిసి ఉండాలి.

ఎరుకల సోదరులదీ ఇలాంటి బతుకే. వాళ్లు తమను కుర్రు అని పిలుచుకుంటారు. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అనే శాఖల పేర్లు చూడండి. ఒకరు ఉప్పు అమ్మేవాళ్లు, ఒకరు కరివేపాకు అమ్మేవాళ్లు, ఒకరు వెదురు దబ్బలతో బుట్టలు అల్లేవాళ్లు. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు వేసుకుని బయల్దేరితే లోపలి ఊళ్లలో వీళ్ల కోసం ఎదురుచూసేవారు. మన చినగంజాం ఉప్పు కొఠార్లు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్లి చూడండి.

1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్త వ్యాపారం చేసుకుంది. ఉప్పు తయారైన చోటే సర్కారు గోదాము, సర్కారు ధర. తర్వాత రోడ్లు వచ్చాయి, రైళ్లు వచ్చాయి. 1899కి మద్రాసు నుంచి బెజవాడ దాకా మన తీరం వెంబడి రైలు కలిసిపోయింది. ఒక గూడ్సు బండి మోసేది ఎన్ని వందల ఎద్దులు మోస్తాయి? 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి అడవిలో పశువుల మేతకు, వెదురుకు, కట్టెలకు అనుమతులు, రుసుములు పెట్టింది. వీటిలో ఏ ఒక్కటీ మన మీద కోపంతో చేసింది కాదు. రైలు మీద మేమూ ఎక్కుతున్నాం. కానీ ఇవన్నీ కలిసి ఒక వందేళ్లలో తిరిగి బతికే మనిషిని పని లేక తిరిగే మనిషిగా మార్చేశాయి.

పని లేక తిరుగుతున్నాడు కాబట్టి అనుమానితుడు. ఈ అనుమానానికి చట్టం కూడా చేశారు. 1871లో నేరస్థ తెగల చట్టం ముందు ఉత్తర భారతంలో వచ్చింది. 1911లో దాన్ని మార్చి మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఒక తెగను నేరస్థ తెగ అని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తే చాలు. ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టులోనూ ప్రశ్నించే వీలు లేదు. మనిషి ఏం చేశాడన్న విచారణ అక్కర్లేదు, ఎవరికి పుట్టాడన్నదే చాలు. రిజిస్టరులో పేరు, వేలిముద్రలు, చెప్పిన వేళకు హాజరు, ఊరు దాటాలంటే పాసు.

ఇక్కడి నుంచి పర్చూరు, చీరాల మీదుగా పోతే పూట పట్టని దూరంలో స్టువర్టుపురం ఉంది. 1913–14 ప్రాంతంలో ఈ చట్టం కిందే ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ సెట్లుమెంటు పెట్టారు. అప్పటి మద్రాసు ప్రభుత్వంలో హోం మెంబరు హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు. నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి ఇచ్చారు. ఆ సంస్థకు ఇండియాలో పెద్దగా ఉన్న బూత్ టక్కర్ అంతకుముందు ఐ.సి.ఎస్. అధికారి. వాళ్లు బడి పెట్టారు, మందులిచ్చారు, వ్యవసాయం నేర్పాలని చూశారు. ఆ చదువుతో పైకి వచ్చిన కుటుంబాలు ఉన్నాయి, వాళ్లు కృతజ్ఞతగా చెప్పుకుంటే మనం కాదనకూడదు. కానీ బడి పక్కనే హాజరు రిజిస్టరు ఉంది, ఆసుపత్రి పక్కనే పాసు ఉంది.

సెట్లుమెంటు నుంచి చీరాల పొగాకు ఫ్యాక్టరీలో పనికి వెళ్లేవారు. ఆ పొగాకు వ్యాపారం వెనక ఉన్న పెద్ద కంపెనీ 1910లో కలకత్తాలో పెట్టింది. దాని పేరులో మొదటి మాటే 'ఇంపీరియల్'. ఇంపీరియల్ టొబాకో కంపెనీ. 1970 దాకా ఆ పేరే ఉంది, ఆ తర్వాత ఇండియా టొబాకో అయింది. పోలీసు నిఘాలో ఉన్న మనిషి కూలి గురించి గట్టిగా అడగలేడు, పని మానేసి ఇంకో ఊరు పోలేడు. హాబ్సన్, లెనిన్ లావు పుస్తకాల్లో రాసింది చీరాల గేటు దగ్గర నిలబడితే కనిపించేది. చట్టం, రైలు, కంపెనీ, కూలి అన్నీ ఒక్క చోట. ఎవరైనా మిమ్మల్ని సామ్రాజ్యవాదం అంటే ఏమిటని అడిగితే లండన్ దాకా పోనక్కర్లేదు, ఈ ఇరవై ముప్పై మైళ్ల మేర చూపించండి.

ఆ చట్టంలో వార్డెన్లుగా మేం తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఒకటి ఉంది. ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి, వేరే బడుల్లో పెట్టే అధికారం 1911 చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. తల్లిదండ్రుల దగ్గరుంటే పిల్లలు చెడిపోతారని వాళ్ల ఆలోచన. మేం ఇది మొదటిసారి చదివిన రాత్రి హాజరు వేయడానికి వెళ్లాం. పిల్లలు వరసగా నిలబడ్డారు. మా చేతిలో రిజిస్టరు. ఒకటి, రెండు, మూడు అని అంకెలు పిలుస్తున్నాం, వాళ్లు ఎస్ మేడం, ఎస్ మేడం అంటున్నారు. మా గొంతు మాకే ఇబ్బందిగా వినిపించింది. మన హాస్టలుకు పిల్లలను తల్లిదండ్రులే తెచ్చి చేరుస్తారు, పండక్కి తీసుకెళ్తారు, నచ్చకపోతే మాన్పిస్తారు. రెండూ ఒకటి కావని మాకు తెలుసు. అయినా ఆ రాత్రి నిద్ర పట్టడానికి చాలాసేపు పట్టింది.

ఇప్పుడు మేం చేసిన తప్పు ఒకటి చెప్తాం. చెప్పడం కష్టమే, కానీ ఈ మాట వాడుక గురించి మాట్లాడుతూ దీన్ని దాటేస్తే లాభం లేదు.

కొన్నేళ్ల కిందట హాస్టల్లో ఒక పిల్ల వెండి పట్టీలు పోయాయి. ఏడుపు, గోల. పెట్టెలు వెతుకుదాం అన్నాం. నలభై పెట్టెలున్నాయి గదిలో. మేం నేరుగా వెళ్లి తెరిచింది కిటికీ పక్కనున్న పెట్టె. తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టి ఉంటే అది ఇరవై దాటాక వచ్చేది. ఆ పెట్టె ఒక ఎరుకల పిల్లది. ఎవరూ మాకు చెప్పలేదు, మేం ఆలోచించనూ లేదు, కాళ్లు అటే పోయాయి. ఆ పిల్ల బట్టలన్నీ మంచం మీద వేశాం. ఏమీ లేదు. గంట తర్వాత పట్టీలు పోగొట్టుకున్న పిల్ల సబ్బు డబ్బాలోనే దొరికాయి. స్నానానికి వెళ్తూ తనే తీసి పెట్టుకుంది.

మేం తెల్లవాళ్లం కాదు. పోలీసులం కాదు. మేమూ ఎస్టీలమే. మా తాతల కాలంలో తండాలను కూడా చాలాచోట్ల ఇలాగే అనుమానంగా చూశారు. అయినా 1911లో మద్రాసులో ఎవరో రాసిన జాబితా మా కాళ్లను నడిపించింది. ఆజ్ఞ ఇచ్చిన వాళ్లు వెళ్లిపోయి డెబ్బై ఏళ్లు దాటింది, మేం దాన్ని పాటిస్తూనే ఉన్నాం. అందరి ముందు పెట్టె తెరిచాం కాబట్టి అందరి ముందే తప్పు ఒప్పుకున్నాం. ఆ పిల్ల "సరే మేడం" అంది. అంతే. వారం రోజులు హాజరులో ఎస్ మేడం అనకుండా చెయ్యి మాత్రం ఎత్తింది. మేం ఏమీ అనలేదు.

చట్టం రద్దు సంగతి తొందరగా చెప్పేస్తాం. మద్రాసు రాజధానిలో 1947లోనే రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న. విముక్త జాతుల దినం ఆ రోజే జరుపుకుంటాం. అయితే మద్రాసులో 1948లోనే అలవాటు నేరస్థుల పేరుతో ఇంకో చట్టం వచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లో 1962లో అలాంటిదే వచ్చింది. తెగ మొత్తం అనే మాట పోయి మనిషి విడిగా అనే మాట వచ్చింది, పోలీసు స్టేషను గోడ మీది ఫోటోలు మాత్రం చాలాకాలం అవే ఇళ్లవి. 1970 దశకంలో హేమలత, లవణం దంపతులు స్టువర్టుపురంలో ఇల్లిల్లూ తిరిగి పనిచేశారు, అది పెద్ద కథ, ఇంకోసారి చెప్పుకుందాం. 1991లో ఆ ఊరి పేరు పెట్టుకుని రెండు సినిమాలు వచ్చాయి. ఊళ్లో డాక్టర్లు, టీచర్లు ఉన్నారని మాత్రం ఎవరూ సినిమా తీయలేదు. 2024 అక్టోబరు 3న సుప్రీం కోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు ఇవ్వడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. జైలు మాన్యువళ్లలో సంచార, విముక్త తెగల వాళ్లను పుట్టుకతో నేరస్థుల్లా చూసే రాతలను కూడా ఆ తీర్పు తప్పుపట్టింది. అంటే నిన్న మొన్నటి దాకా ఆ రాతలు పుస్తకాల్లో ఉన్నట్టే కదా.

ఇక వాడుక. మన కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులో మేమూ ఉన్నాం. కరెంటు పోయినా సామ్రాజ్యవాదమే, స్కాలర్‌షిప్ ఆలస్యమైనా సామ్రాజ్యవాదమే. అలా వాడితే ఆ మాటకు పదును పోతుంది. మిరప కోతల మేస్త్రీ కూలిలో కోత పెడితే దానికి దోపిడీ అని మంచి మాట ఉంది, అది వాడండి, లేబరు ఆఫీసుకు కూడా అర్థమవుతుంది. హోటల్లో గ్లాసు వేరే పెడితే అది కుల వివక్ష, దానికి చట్టం ఉంది, సెక్షన్ ఉంది. సామ్రాజ్యవాదం అని అరిస్తే కేసు రాసుకునే వాళ్లు ఎవరూ ఉండరు.

మరి మన రాజులు చేస్తే సామ్రాజ్యం, తెల్లవాళ్లు చేస్తే సామ్రాజ్యవాదమా అని ఇంటర్ చదివే అమ్మాయి ఒకతి అడిగింది. మంచి ప్రశ్న. మేడారం వెళ్లినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. సమ్మక్క సారలమ్మ కథలో కప్పం కట్టమని సైన్యంతో వచ్చింది కాకతీయులు. 1940లో కొమరం భీం ఎవరి మీద పోరాడి చనిపోయాడు? నిజాం సర్కారు మీద. అల్లూరి 1922 నుంచి 1924 దాకా పోరాడింది, పల్నాడులో కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టం అని 1922లో చనిపోయింది బ్రిటిష్ వాళ్ల మీద. అడవిలో ఉన్న మనిషికి ఆజ్ఞ ఏ రంగు మనిషి దగ్గర నుంచి వచ్చినా బరువు ఒకటే. చరిత్ర పుస్తకాలు మాత్రం కొన్నింటికి సామ్రాజ్యమని, కొన్నింటికి సామ్రాజ్యవాదమని పేర్లు పెడతాయి. తేడా బొత్తిగా లేదని మేం అనం. కాకతీయులకు రైలు, గెజిట్, వేలిముద్ర లేవు. వాళ్ల ఆజ్ఞ అడవి లోపలికి వెళ్లేసరికి సన్నబడిపోయేది. గెజిట్ వచ్చాక ఆజ్ఞ సన్నబడటం మానేసింది.

మా హాస్టల్లోనూ ఒకప్పుడు తెలుగులోనే మాట్లాడాలని నియమం ఉండేది. గోర్ బోలీలో మాట్లాడిన పిల్లను, కుర్రు బాసలో మాట్లాడిన పిల్లను బయట నిలబెట్టేవాళ్లం. మేమే. పిల్లలకు తెలుగు రావాలనే మా ఆత్రం. దాన్ని సామ్రాజ్యవాదం అనాలా అని మీలో ఎవరైనా అడిగితే మా దగ్గర సూటి జవాబు లేదు. ఆజ్ఞ అని మాత్రం ఒప్పుకుంటాం. నియమం తీసేశాం. ఇప్పుడు రాత్రి పడకల దగ్గర మూడు భాషలు వినిపిస్తాయి, మాకు తెలియని బూతులు కూడా వాటిలో ఉన్నాయని అనుమానం.

మీ దగ్గర కోరేది ఒకటుంది. మీ ఇళ్లలో డెబ్బై, ఎనభై ఏళ్ల వాళ్లు ఉంటే ఈ సెలవుల్లో ఫోను పెట్టి వాళ్ల మాటలు రికార్డు చేయండి. లదేణి, సెట్లుమెంటు, పాసు, హాజరు, పుల్లరి అనే మాటలు వాళ్లు ఎలా వాడతారో వినండి. రికార్డు చేసింది సంఘం కార్యదర్శి గారికి పంపితే వచ్చే సంచికలో వేద్దాం.

పెట్టె సంగతి జరిగిన ఆ పిల్ల పది పాసై వెళ్లిపోయేటప్పుడు టి.సి. తీసుకోవడానికి మా దగ్గరికి వచ్చింది. సంతకం పెడుతుంటే, "మేడం, రాత్రి హాజరుకి నంబరు పిలవకండి, పేరు పిలవండి" అంది. ఎందుకని మేం అడగలేదు. ఆ జూన్ నుంచి ఇంటిపేరుతో సహా పిలుస్తున్నాం. తొంభై ఇద్దరు పిల్లలు. అంతకుముందు కంటే ఏడెనిమిది నిమిషాలు ఎక్కువ పడుతోంది.